నాగెల్‌ఫ్లూ కొండల వరుస ఒక్క రోజులో: మిట్టాగ్ నుంచి హోఖ్‌గ్రాట్ దాకా కొత్తవాళ్లు నడవొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మ్యూనిక్‌లో ఉండే నలుగురు మిత్రులు, అందరూ శాకాహారులు. మ్యూనిక్ దగ్గరి టెగెర్న్‌జే సరస్సు చుట్టుపక్కల రెండు మూడు కొండలు ఎక్కిన అనుభవం ఉంది. అక్టోబర్ మొదటి శనివారం, దక్షిణ జర్మనీలో ఆల్ప్స్ అంచున ఉన్న అల్గోయ్ ప్రాంతంలోని నాగెల్‌ఫ్లూ వరుసను మిట్టాగ్ దగ్గర మొదలుపెట్టి హోఖ్‌గ్రాట్ దాకా ఒకే రోజులో నడవాలనుకుంటున్నారు. రోజూ వేసుకునే స్పోర్ట్స్ షూస్ సరిపోతాయా, దారిలో తినడానికి ఏమైనా దొరుకుతుందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. మొత్తం వరుస ఒక్క రోజులో పెట్టుకోకండి. మొదటిసారికి తూర్పు సగం చాలు: మిట్టాగ్ పైకి లిఫ్టు, అక్కణ్నుంచి ష్టైనెబెర్గ్, ష్టుయిబెన్, తర్వాత గుండ్ ఆల్ప్‌కి (ఆల్ప్ అంటే వేసవిలో పశువుల్ని మేపే కొండ మకాం, అక్కడ తిండి కూడా దొరుకుతుంది) దిగి, ష్టైగ్‌బాఖ్ లోయ గుండా ఇమ్మెన్‌ష్టాట్ స్టేషన్‌కి. స్పోర్ట్స్ షూస్ వద్దు. తిండి, నీళ్లు మొత్తం మ్యూనిక్ నుంచే మోసుకెళ్లండి. వర్షం పడిన మర్నాడు అసలు వెళ్లకండి, వారం వాయిదా వేయండి.

కారణాలు ఒక్కొక్కటే చెప్తాను. ముందు టైమ్ సంగతి, ఎందుకంటే చాలామంది అక్కడే లెక్క తప్పుతారు.

ఈ వరుసలో ఏ కొండా 1,900 మీటర్లు దాటదు. హోఖ్‌గ్రాట్ 1,834, రిండాల్ప్‌హార్న్ 1,821, బూరల్ప్‌కోప్ఫ్ 1,772, ష్టుయిబెన్ 1,749, ష్టైనెబెర్గ్ 1,660, మిట్టాగ్ 1,451. ఈ అంకెలు చూసి, లిఫ్టులో 1,451కి చేరాక మిగిలింది నాలుగు వందల మీటర్లేగా అనిపిస్తుంది. కానీ ప్రతి రెండు శిఖరాల మధ్యా దారి కిందికి పడిపోతుంది. రిండాల్ప్‌హార్న్‌కి అటూ ఇటూ ఉన్న రెండు కనుమల్లోకీ రెండు వందల మీటర్లో అంతకంటే ఎక్కువో దిగాలి, దిగినదంతా మళ్లీ ఎక్కాలి. అన్నీ కూడితే మిట్టాగ్ నుంచి హోఖ్‌గ్రాట్ దాకా ఎక్కుడు సుమారు 1,250 మీటర్లు, దిగుడు సుమారు 1,000 మీటర్లు, దూరం దాదాపు 16 కి.మీ.

దీన్ని గంటల్లోకి మార్చడానికి జర్మనీలో దారి సూచిక బోర్డులకు వాడే లెక్క ఒకటి ఉంది. గంటకు 300 మీటర్ల ఎక్కుడు, 500 మీటర్ల దిగుడు, సమతలంగా 4 కి.మీ. ఎక్కుడు, దిగుడు గంటలు కలిపి ఒక అంకె, దూరానికి పట్టే గంటలు ఇంకో అంకె. పెద్ద అంకెను పూర్తిగా తీసుకుని, చిన్న అంకెలో సగం దానికి కలపాలి. ఇక్కడ 1,250 ఎక్కుడుకి 4 గంటల 10 నిమిషాలు, 1,000 దిగుడుకి 2 గంటలు, కలిపి 6 గంటల 10 నిమిషాలు. 16 కి.మీ.కి 4 గంటలు, అందులో సగం 2. మొత్తం 8 గంటల 10 నిమిషాలు. ఇది ఆగకుండా నడిస్తే పట్టే టైమ్. భోజనం, ఫొటోలు, చెప్పుల్లో రాళ్లు దులుపుకోవడం, ఇనుప తాడు దగ్గర ఎదురుగా వచ్చేవాళ్ల కోసం ఆగడం కలుపుకుంటే నలుగురి గుంపుకి కనీసం మరో గంటన్నర.

ఇప్పుడు మ్యూనిక్ నుంచి పొద్దున్నే రైలెక్కినా ఇమ్మెన్‌ష్టాట్ రెండు గంటల ప్రయాణం. స్టేషన్ నుంచి లిఫ్టు దాకా నడక, రెండు అంచెల కుర్చీ లిఫ్టు. మిట్టాగ్ పైన నడక మొదలయ్యేసరికి తొమ్మిది, తొమ్మిదిన్నర అవుతుంది. దానికి తొమ్మిదిన్నర గంటలు కలపండి. అక్టోబర్ మొదట్లో అక్కడ సూర్యాస్తమయం సాయంత్రం ఏడులోపే. హోఖ్‌గ్రాట్ నుంచి కిందికొచ్చే ఆఖరి లిఫ్టు అంతకంటే చాలా ముందే ఆగిపోతుంది. అది పోతే ఎనిమిది వందల పైచిలుకు మీటర్లు చీకట్లో దిగాలి, దిగినా అక్కణ్నుంచి ఓబెర్‌ష్టౌఫెన్ స్టేషన్‌కి బస్సు ఉండాలి. రాయి తడిగా ఉన్నా, ఒకరి మోకాలు నొప్పి పెట్టినా ఈ ప్లాన్‌లో సర్దుకునే చోటే లేదు. జూన్ చివర్లో, గట్టిగా నడిచేవాళ్లు ఇద్దరైతే ఇది మంచి రోజు. మీకు అక్టోబర్‌లో కాదు.

నేను చెప్పిన తూర్పు సగానికి అదే లెక్క వేస్తే ఎక్కుడు 450-500 మీటర్లు, దిగుడు దాదాపు 1,200, దూరం 14 కి.మీ. చుట్టూ, ఆరు గంటల లోపు. విరామాలు కలిపి ఏడున్నర. దీనిలో అసలు మేలు వేరే ఉంది: తిరుగు లిఫ్టు మీద గానీ, బస్సు మీద గానీ మీరు ఆధారపడరు. కాళ్ల మీదే స్టేషన్‌కి చేరతారు.

రాయి సంగతి. ఇది మీరు టెగెర్న్‌జే దగ్గర చూసిన కొండ కాదు. ఆల్ప్స్ పైకి లేస్తున్న కాలంలో, రెండు మూడు కోట్ల ఏళ్ల కిందట, నదులు కొట్టుకొచ్చిన గులకరాళ్లు గుట్టలుగా పడి, సున్నం, ఇసుకతో గట్టిపడి రాయిగా మారాయి. తర్వాత ఆ పొరలన్నీ ఏటవాలుగా లేచాయి. దగ్గరికెళ్లి చూస్తే గోడ నిండా కోడిగుడ్డంత, పిడికిలంత గుండ్రటి రాళ్లు సగం బయటికి, సగం లోపలికి. ఈ రాయి పేరే నాగెల్‌ఫ్లూ, అక్కడివాళ్లు దీన్ని దేవుడి కాంక్రీటు అంటారు. పొడిగా ఉన్నప్పుడు దీని మీద నడక హాయి, ప్రతి గులకరాయీ ఒక మెట్టు.

ఇబ్బంది మూడు చోట్ల వస్తుంది. ఒకటి, గులకరాయి ఊడి వస్తుంది. చేత్తో పట్టుకుని పైకి లేవాల్సిన చోట రాయిని మీ వైపు లాగకండి, కిందికి నొక్కుతూ పట్టుకోండి. బరువు వేసే ముందు అరచేత్తో ఒకసారి తట్టి చూడండి, బోలుగా వినిపిస్తే ఇంకో రాయి చూసుకోండి. రెండు, ఊడిన గులకరాళ్లు దారి మీద పరుచుకుని ఉంటాయి. దిగుడులో అడుగు వాటి మీద పడితే కాలు ముందుకు జారుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులతో, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా దిగండి. మడమ ముందు పెట్టి దిగే అలవాటున్నవాళ్లే ఎక్కువగా వెనక్కి పడతారు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: గులకరాతి పొరల మధ్య ఇసుకరాయి పొరలు, మెత్తటి సున్నపు బంకమన్ను పొరలు ఉంటాయి. వాన పడితే ఆ బంకమన్ను చెప్పు అడుగు గాళ్లలో కూరుకుపోతుంది. ఆ అడుగుతోనే మీరు నున్నటి గులకరాయి మీద కాలు పెడతారు. ఇక ఎంత మంచి చెప్పైనా పట్టు ఇవ్వదు. వాన ఆగిన మర్నాడు ఆకాశం నీలంగా ఉన్నా, ఉత్తరం వైపు చెట్ల నీడలో దారి ఇంకా తడిగానే ఉంటుంది. అక్టోబర్‌లో ఎండ వాలుగా పడుతుంది కాబట్టి ఆరడానికి ఇంకా టైమ్ పడుతుంది. అందుకే అంత గట్టిగా వాయిదా వేయమన్నాను.

చెప్పుల విషయం దీన్నిబట్టే తేలిపోతుంది. రన్నింగ్ షూ అడుగు మెత్తగా ఉంటుంది, గులకరాయి అంచు మీద నిలబడితే వంగిపోతుంది, చీలమండ పక్కకి మడత పడుతుంది. లోతైన గాళ్లున్న, అడుగు గట్టిగా ఉండే, చీలమండ దాకా వచ్చే హైకింగ్ బూట్లు తీసుకోండి. కొనేటప్పుడు రెండు చేతులా పట్టుకుని వంచి చూడండి. మునివేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. సాయంత్రం పూట, హైకింగ్ మేజోళ్లు వేసుకుని కొలత చూడండి. వాలు మీద కిందికి నిలబడితే బొటనవేలు ముందు గోడకు తగలకూడదు. తగిలితే 1,200 మీటర్లు దిగాక గోరు నల్లబడటం ఖాయం. కొత్త బూట్లతో నేరుగా కొండకి వెళ్లకండి, ముందు వారం రోజులు ఊళ్లో వేసుకుని తిరగండి.

దారి గురించి. మిట్టాగ్ నుంచి మొదటి గంట అడవి, పచ్చిక, మధ్యలో బేరెన్‌కోప్ఫ్ అనే చిన్న గుట్ట. ఇక్కడ జోరుగా నడవాలనిపిస్తుంది, నడవకండి. ష్టైనెబెర్గ్ శిఖరం కింద దారి ఒక రాతి గోడ దగ్గరికి చేరుతుంది. దాని మీదికి ఇనుప నిచ్చెన ఉంది, పొడవు 17 మీటర్లు. నిటారుగా ఉంటుందే తప్ప కష్టమేమీ కాదు. కర్రలు మడిచి బ్యాగుకి కట్టేయండి, ఒక్కొక్కరే ఎక్కండి, ముందువాళ్లు పైకి చేరి నిచ్చెన వదిలాకే కిందివాళ్లు మెట్టు మీద చెయ్యి వేయండి. ఎత్తు భయం ఉన్నవాళ్లకి నిచ్చెన తప్పనిసరి కాదు, శిఖరానికి పక్కనుంచి వేరే దారి ఉంది, దానికీ సూచిక ఉంటుంది. మీ నలుగురిలో ఒక్కరు వెనకాడినా అందరూ పక్క దారినే వెళ్లండి. నిచ్చెన మధ్యలో బిగుసుకుపోయిన మనిషిని కిందికి దించడం చాలా కష్టం.

ష్టైనెబెర్గ్ తర్వాత కొండ అంచు సన్నబడుతుంది. ఉత్తరం వైపు చాలా చోట్ల నిట్టనిలువు గోడ, దక్షిణం వైపు ఏటవాలు పచ్చిక. పచ్చిక చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ తడిసినప్పుడు దాని మీద జారితే ఆగడం ఉండదు. ష్టుయిబెన్ దగ్గర కొన్ని చోట్ల ఇనుప తాళ్లు బిగించి ఉంటాయి. తాడుని చేతికి చుట్టుకోకండి, ఊరికే పట్టుకోండి. రెండు మేకుల మధ్య ఒకరే ఉండాలి. ఒకరు జారితే తాడు ఊగి రెండో మనిషినీ లాగేస్తుంది.

అక్కడి పసుపు బోర్డుల మీద నీలం, ఎరుపు, నలుపు చుక్కలు ఉంటాయి. నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. మీరు ఇప్పటిదాకా ఎక్కినవి బహుశా నీలం, ఎరుపు. ఈ అంచు మీద ఎరుపూ, నలుపుకి దగ్గరగా ఉండే ముక్కలూ వస్తాయి. ఎరుపు దారిలో నాలుగడుగుల వెడల్పు లేని చోట, పక్కన లోయ కనిపిస్తుంటే కాళ్లు వణకని మనిషికి ష్టుయిబెన్ ఇబ్బంది పెట్టదు. వణికేవాళ్లు ష్టైనెబెర్గ్ చూసి మిట్టాగ్‌కే వెనక్కి రావడం మంచిది, అది కూడా నిండైన రోజే. బోర్డు మీద దూరం ఉండదు, గంటలు మాత్రమే ఉంటాయి. మొదటి బోర్డు నుంచి రెండో బోర్డుకి మీకు పట్టిన టైమ్‌ని బోర్డు టైమ్‌తో పోల్చి చూసుకోండి. గంట అని రాసి ఉంటే మీకు గంటా పదిహేను పడితే, మిగతా రోజంతా అదే నిష్పత్తిలో పెంచుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ష్టుయిబెన్ మీద లేకపోతే శిఖరం వదిలేసి గుండ్ ఆల్ప్ వైపు దిగండి.

మ్యాప్ విషయంలో ఫోన్ ఒక్కదాన్నే నమ్మకండి. జర్మన్ ఆల్పైన్ క్లబ్ డీఏవీ ముద్రించే 1:25,000 మ్యాపుల్లో బీవై 1 ఈ ప్రాంతానిదే. దక్షిణంగా గున్‌జెస్‌రీడ్ లోయలోకి దిగే దారులన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వాతావరణం తేడా చేస్తే అంచు మీద ముందుకో వెనక్కో పరుగెత్తడం కంటే, గుర్తు పెట్టిన దారిలో పక్కకి దిగిపోవడమే మేలు. లోయలోంచి బస్సు దొరక్కపోతే టాక్సీ పిలవొచ్చు. ఆ ఖర్చు ముందే బడ్జెట్‌లో వేసుకుంటే దిగాలా వద్దా అనే చర్చ అక్కడ రాదు.

ఉరుములు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం తర్వాత వస్తాయి. అక్టోబర్‌లో ఉరుములు తగ్గుతాయి గానీ పొగమంచు, చల్లగాలి, ఒక్కోసారి మొదటి మంచు వస్తాయి. మ్యూనిక్‌లో 18 డిగ్రీలుంటే పైన గాలిలో చాలా తక్కువ అనిపిస్తుంది. పలచటి స్వెటర్, గాలి వాన ఆపే జాకెట్, టోపీ, పలచటి చేతి తొడుగులు, మార్చుకోవడానికి ఒక పొడి టీ-షర్టు. కాటన్ బనీను వద్దు, చెమటతో తడిస్తే ఆరదు, ఆగిన ప్రతిసారీ వణికిస్తుంది. హెడ్‌టార్చి నలుగురికీ నాలుగు, ఒక్కటి కాదు.

నీళ్లు: అంచు మీద నమ్మదగ్గ ఊట లేదు. మనిషికి రెండున్నర లీటర్లు, ఎండ రోజైతే మూడు. కింద ఆల్ప్‌ల దగ్గర తొట్లలో పారే నీళ్లుంటాయి గానీ, పైన పశువులు మేస్తుంటే ఆ నీళ్లు తాగకండి.

తిండి గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. కొండ మీది ఆల్ప్‌లు వేసవిలో పశువులతో పాటు నడుస్తాయి. సెప్టెంబర్‌లో మందల్ని అలంకరించి ఊళ్లలోకి దించేస్తారు, ఆ తర్వాత చాలా వాటికి తాళం పడుతుంది. అందువల్ల అక్టోబర్‌లో గుండ్ ఆల్ప్ తెరిచి ఉందో లేదో ముందు రోజే చూసుకోండి, ఉంటే సంతోషం, లేదనుకునే సర్దుకోండి. తెరిచి ఉంటే శాకాహారులకి సాధారణంగా దొరికేవి రొట్టె, కొండ చీజ్, కేజ్‌ష్పాట్సెన్ అనే చీజ్ వేసిన పిండి వంటకం. ఒక విషయం తెలిసుండటం మంచిది: అల్గోయ్ కొండ చీజ్‌ని సంప్రదాయంగా దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. అది పట్టింపు ఉన్నవాళ్లు రొట్టె, వెన్న, సూపుతో సరిపెట్టుకోవాలి, సూపులో కూడా మాంసం రసం ఉందా అని అడగాలి.

ఇంటి నుంచి తెచ్చుకునేదాంట్లో పులిహోర బాగా పనికొస్తుంది: చింతపండు, నూనె ఉండటం వల్ల సాయంత్రం దాకా పాడవదు, ఉప్పు కూడా అందుతుంది. ఒక్కటే, ఒకేసారి కడుపు నిండా తింటే ఎక్కుడులో నిద్ర ముంచుకొస్తుంది. డబ్బాని రెండుగా చేసి, సగం ష్టైనెబెర్గ్ మీద, సగం గుండ్ దగ్గర తినండి. మధ్యలో గంటకోసారి నాలుగు ఖర్జూరాలో, పల్లీ పట్టీయో. పెరుగన్నం కారు ప్రయాణానికి బాగుంటుంది గానీ ఎనిమిది గంటలు వీపు మీద ఉంటే పులుస్తుంది. ఆల్ప్‌లలో కార్డు పనిచేయకపోవచ్చు, మనిషికి ఇరవై, ముప్ఫై యూరోలు నగదు ఉంచుకోండి.

ఆవులు ఇంకా పైన ఉంటే: దూడతో ఉన్న తల్లి ఆవుకి దగ్గరగా వెళ్లకండి, ఫొటో కోసం అసలే వద్దు. మంద దారిలో పడుకుని ఉంటే, కొండ పైవైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లండి. తెరిచిన గేటు వెంటనే మూసేయండి.

రైలు: డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా పనిచేసే నెలవారీ పాస్) ప్రాంతీయ రైళ్లన్నిట్లో చెల్లుతుంది, దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లదు. అది లేనివాళ్లు నలుగురూ కలిసి బయర్న్ టికెట్ (బవేరియా అంతటా ఒక రోజు చెల్లే గుంపు టికెట్) తీసుకుంటే చవక. పని రోజుల్లో అది పొద్దున తొమ్మిది తర్వాతే మొదలవుతుంది, శనివారం, ఆదివారం ఆ అడ్డు లేదు. లిండావ్, ఓబెర్స్‌ట్‌డోర్ఫ్ వైపు వెళ్లే కొన్ని రైళ్లు ఇమ్మెన్‌ష్టాట్‌లో రెండుగా విడిపోతాయి. ఇమ్మెన్‌ష్టాట్‌లోనే దిగేవాళ్లకి ఏ పెట్టైనా ఒకటే. మళ్లీ ఎప్పుడైనా హోఖ్‌గ్రాట్ వైపు వెళ్తే మాత్రం లిండావ్ పెట్టెలో కూర్చోవాలి. అక్టోబర్ 3 జర్మనీలో సెలవు, ఆ వారాంతంలో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, వీలైతే తర్వాతి శనివారం చూడండి. లిఫ్టు ఆ రోజు నడుస్తోందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో ముందు రోజు రాత్రి చూడండి. నడవకపోతే ఇమ్మెన్‌ష్టాట్ నుంచి మిట్టాగ్‌కి 720 మీటర్ల ఎక్కుడు అదనం, అప్పుడు మిట్టాగ్, ష్టైనెబెర్గ్‌లతోనే రోజు ముగించండి.

మొత్తం వరుస చూడాలనే కోరిక మిగిలితే, వచ్చే జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా, రెండు రోజులు పెట్టుకోండి. పడమర నుంచి తూర్పుకి రండి. చాలామంది మీలాగే మిట్టాగ్ దగ్గరే మొదలుపెడతారు, నా సలహా తిరగబెట్టి నడవమని. మొదటి రోజు మధ్యాహ్నం హోఖ్‌గ్రాట్ లిఫ్టులో పైకి, ఎగువ స్టేషన్ ఎత్తు 1,704 మీటర్లు. అక్కడికి దగ్గర్లోనే డీఏవీ వారి ష్టౌఫ్నర్ హౌస్ ఉంది, రాత్రి అందులో పడుకోండి. ముందే బుక్ చేయాలి, పలచటి పడక సంచి మీరే తీసుకెళ్లాలి. రెండో రోజు తెల్లవారగానే బయల్దేరితే ఎక్కుడు 1,250 నుంచి వెయ్యికి తగ్గుతుంది, లిఫ్టు, బస్సు కోసం ఉరుకులు ఉండవు, బస్సు అవసరమైన ముక్క మొదటి రోజే అయిపోతుంది. రిండాల్ప్‌హార్న్ నుంచి దిగే దారులు ఏటవాలుగా, రాళ్లతో ఉంటాయి, అవి కాళ్లు తాజాగా ఉన్న పొద్దుటి పూటే వస్తాయి. మిట్టాగ్ లిఫ్టు ఆగిపోయినా రెండు గంటల్లో నడిచి స్టేషన్‌కి దిగొచ్చు.

ఏదైనా జరిగితే 112. జర్మన్ రాకపోయినా ఇంగ్లీష్‌లో చెప్పొచ్చు: ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఎంతమందికి దెబ్బలు, మీ నంబరు. బవేరియాలో పనిచేసే ఎస్ఓఎస్ ఈయూ ఆల్ప్ యాప్ నలుగురి ఫోన్లలోనూ వేసుకోండి, అది మీరున్న చోటుని నేరుగా పంపుతుంది. సిగ్నల్ లేకపోతే టార్చితోనో విజిల్‌తోనో నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. ఎవరైనా చూస్తే నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు. డీఏవీ సభ్యత్వంలో కొండ మీది రక్షణ ఖర్చుకి 25,000 యూరోల దాకా బీమా కలిసి ఉంటుంది, గుడిసెల్లో పడక ధర కూడా తగ్గుతుంది. వచ్చే ఏడాది ష్టౌఫ్నర్ హౌస్ ఆలోచన ఉంటే నలుగురూ ఇప్పుడే చేరండి.

మీలో ఎవరికైనా మోకాలి సమస్య ఉందా, నిచ్చెన అంటే ఎవరైనా వెనకాడుతున్నారా అనేది కింద రాయండి. దిగుడు 1,200 మీటర్లు ఎక్కువనిపిస్తే, ష్టైనెబెర్గ్ దాకా వెళ్లి లిఫ్టులోనే వెనక్కి వచ్చేలా గంటలు లెక్కేసి ఇస్తాను.